తిండి మార్చడానికీ డాక్టరును అడగాలా?

ప్రశ్న: నా వయసు 46 ఏళ్లు. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు. ఆరేళ్లుగా షుగర్, మూడేళ్లుగా బీపీ ఉన్నాయి. షుగర్‌కు గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర రోజుకు రెండుసార్లు, బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన మాత్ర ఉదయం వేసుకుంటున్నాను. మా ఆడపడుచు అన్నం, చపాతీ పూర్తిగా మానేసి రెండు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గింది. నేనూ అలాగే చేద్దామనుకుంటే, ముందు డాక్టరును కలవమని మావారు అంటున్నారు. మందు కాదు, తిండే కదా! కలవాల్సిన అవసరం ఉందా?
– ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీ ఆడపడుచుకు షుగర్ ఉందో లేదో, ఉంటే ఏ మాత్రలు వాడుతున్నారో మీరు రాయలేదు. అసలు తేడా అక్కడే ఉంది. ఏ జబ్బూ లేని పాతికేళ్ల యువకుడు రాత్రిపూట అన్నం తగ్గించి, రోజూ అరగంట నడుస్తానంటే డాక్టరు దాకా వెళ్లనక్కర్లేదని నేనే చెబుతాను. మీ మాత్రల మోతాదు మాత్రం మీరిప్పుడు తింటున్న అన్నానికి సరిపోయేలా కుదిరినది. అన్నం మానేసి మాత్రను అలాగే కొనసాగిస్తే ఆ లెక్క తప్పుతుంది.

గ్లిమెపిరైడ్ మనం తిన్నామా లేదా అని చూడకుండా క్లోమం నుంచి ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తుంది కాబట్టి, పిండి పదార్థాలు ఒక్కసారిగా ఆగిపోతే రక్తంలో చక్కెర 70 మిల్లీగ్రాముల కన్నా కిందికి పడిపోవచ్చు. అప్పుడు చెమటలు, వణుకు, గుండెదడ, మాట తడబడటం వంటివి కనిపిస్తాయి. చాలామంది దీన్ని పథ్యం వల్ల వచ్చిన నీరసమనుకుని పడుకుంటారు; అదే ప్రమాదం. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారిలో ఇది అరుదు. కానీ మీ రెండు మందులూ ఒకే మాత్రలో ఉన్నాయి కనుక, ఒకదాన్ని తగ్గించి రెండోదాన్ని ఉంచాలంటే మందుల చీటీ మార్చక తప్పదు.

బీపీ మాత్రలోని హైడ్రోక్లోరోథయాజైడ్ మూత్రం ద్వారా ఉప్పును, నీటిని బయటికి పంపుతుంది. అన్నం మానేసిన తొలి వారాల్లో శరీరం తనంతట తానే ఉప్పును, నీటిని కోల్పోతుంది (మొదటి వారంలో తగ్గే రెండు మూడు కిలోల్లో ఎక్కువ భాగం ఈ నీరే, కొవ్వు కాదు). రెండూ తోడైతే మంచం మీది నుంచి లేవగానే కళ్లు తిరిగి పడిపోయే అవకాశం ఉంది. షుగర్‌కు డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే మాత్రలు వాడే ఇతర పాఠకులు ఇలాంటి ఆహారాన్ని సొంతంగా అసలు మొదలుపెట్టకూడదు. షుగర్ పెద్దగా పెరగకుండానే రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు) పేరుకుని ప్రాణం మీదికి రావచ్చు.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మీ మాత్రల స్ట్రిప్పులు, ఏం తినాలనుకుంటున్నారో రాసిన కాగితం తీసుకెళ్లండి. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్ పరీక్షలు ఉపయోగపడతాయి. థైరాయిడ్ లోపం బయటపడినా అది సాధారణంగా కొద్ది కిలోలకే కారణమవుతుంది, మొత్తం బరువుకు కాదు. షుగర్ వేగంగా తగ్గినప్పుడు అప్పటికే దెబ్బతిన్న రెటీనా (కంటి లోపలి పొర) మరింత పాడయ్యే అవకాశం ఉన్నందున, ఏడాదిగా కంటి పరీక్ష చేయించుకోకపోతే అదీ చేయించండి. మెట్లెక్కుతుంటే ఛాతీ బిగుసుకుంటున్నట్లుంటే ఆ మాట దాచకండి.

మీ బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క) 31. మన దేశంలో 25 దాటితేనే ఊబకాయంగా లెక్కిస్తాం కాబట్టి బరువు తగ్గాలన్న మీ ఆలోచన సరైనదే. ఆరు నెలల్లో నాలుగు నుంచి ఎనిమిది కిలోలు తగ్గినా షుగర్, బీపీ రెండింటిలోనూ మార్పు కనిపిస్తుంది. మరీ వేగంగా తగ్గేవారిలో పిత్తాశయంలో రాళ్లు ఏర్పడటం చూస్తుంటాం. అన్నం సగానికి తగ్గించి, ఆ మేరకు కూర, పప్పు, గుడ్డు పెంచడం నా దృష్టిలో మీకు మేలైన దారి, అదీ మోతాదు సరిచేయించుకున్నాకే.

మొదలుపెట్టాక రెండు వారాల పాటు పరగడుపున, రాత్రి భోజనానికి ముందు గ్లూకోమీటరుతో చూసుకోండి. 70 కన్నా తక్కువ ఉంటే మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగి, పావుగంట తర్వాత మళ్లీ చూసుకుని, అదే రోజు మీ డాక్టరుకు ఫోన్ చేయండి.
– జనరల్ ఫిజీషియన్