పెద్దవాళ్లతో అరకు వెళ్తున్నారా? ఒక్కరోజు ప్యాకేజీ వద్దండీ

డిసెంబర్‌లో అమ్మానాన్నలతో అరకు వెళ్లాలి, ఒక్కరోజు ప్యాకేజీ చాలదా అని అడిగారు. చాలదండీ. మాది విశాఖే, చుట్టాలొచ్చినప్పుడల్లా కొండెక్కడం అలవాటే. ప్యాకేజీలో ఒక్కసారే వెళ్లాను. బస్సు దిగిన ప్రతిచోటా ఎవరో ఒకరి కోసం కాసుక్కూర్చోవడంతోనే పొద్దు గూకింది. రెండు రోజులు పెట్టుకోండి.

వెళ్లేటప్పుడు పొద్దున్నే కిరండూల్ రైలెక్కండి. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి 1960ల్లో వేసిన లైను అది. సొరంగంలో చీకటి పడగానే పిల్లలు కేకలు పెడతారు. మా అమ్మా పెట్టింది, అరవై దాటాక.

బొర్రా గుహల్లో మెట్లు ఎక్కువ, లోపలంతా తడి. మోకాళ్ల నొప్పులతో అమ్మ సగం దిగి, "మీరెళ్లి రండ్రా" అని ఒక రాతి మీద కూలబడింది. మేం తిరిగొచ్చేసరికి పైనుంచి రాలే నీటిచుక్కల కింద అరచెయ్యి చాచి లెక్కపెడుతోంది. మేం పరుగులు పెట్టి చూసొచ్చిన ఆకారాలన్నీ ఆ చుక్కల్లోని సున్నం వేల ఏళ్లుగా పేరుకుని కట్టినవే. గుహని అసలు చూసింది ఆవిడేనేమో.

డిసెంబర్ మొదట్లో అయితే వలిసె పూలు ఇంకా ఉండొచ్చు, చేలన్నీ పచ్చగా పసుపు ఆరబోసినట్టుంటాయి. అది నూనెగింజల పంట, ఫొటోల కోసం తొక్కకండి. బొంగులో చికెన్ మీ ఎదుటే నిప్పుల్లోంచి తీసి బొంగు చీల్చేవాళ్ల దగ్గరే తినండి. అరకులోని గిరిజన మ్యూజియం గంటలో అయిపోతుంది.

రెండో రోజు వచ్చిన దారినే దిగొద్దు. అందరూ చేసే పొరపాటు అదే. తెల్లారగానే కారులో పాడేరు, చింతపల్లి, లంబసింగి మీదుగా నర్సీపట్నం దిగండి. దారిలో సిల్వర్ ఓక్ చెట్లకి మిరియం తీగలు, వాటి నీడన కాఫీ. చింతపల్లి పోలీస్ స్టేషన్ మీదే 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం దాడిచేసి తుపాకులు పట్టుకెళ్లింది. పోడు, అంటే అడవి కొట్టి కాల్చి చేసే సాగు, మీద ఆంక్షలు, సరైన కూలి ఇవ్వకుండా చేయించిన రోడ్డు పనులు మన్యాన్ని రగిలించాయి. ఆ ఘాట్ రోడ్డు మలుపుల్లో దిగుతుంటే, ఇక్కడ రాళ్లు కొట్టినవాళ్లెవరా అనిపిస్తుంది. ఓపికుంటే నర్సీపట్నం నుంచి కృష్ణదేవిపేట వెళ్లండి, సీతారామరాజు సమాధి అక్కడే. మా నాన్న చెప్పులు గేటు దగ్గరే వదిలేసి వెళ్లి, చాలాసేపు మాట్లాడలేదు.

ఒక చిక్కుంది. ఇలా వెళ్తే లంబసింగి చేరేసరికి ఎండెక్కుతుంది, మంచు కనపడదు. మంచు కావాలంటే అక్కడో రాత్రి ఉండాలి. ఆ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరుంది, ఆరుబయట ఉంటే కొర్రులా, అంటే కర్రలా, బిగుసుకుపోతారని. స్వెటర్లు డిక్కీలో పడేయకండి, చేతికందేలా పెట్టుకోండి.