గడ్డి కోసే రోబోకు బ్యాటరీ మార్చడం: ఒకటి చంపుకున్నాక తెలిసింది

మీరు అడిగింది ఇది: హనుమకొండలో రెండు గుంటల లాన్, మూడేళ్ల కిందట విదేశం నుంచి తెచ్చిన రోబో. ఒకప్పుడు గంటసేపు తిరిగేది, ఇప్పుడు పన్నెండు నిమిషాలకే చార్జింగ్ గూటికి వెళ్లిపోతోంది. రిపేరు చేసేవారేమో కొత్త యంత్రం కొనమంటున్నారు. బ్యాటరీ ఒక్కటే మార్చుకోవచ్చా, ఇక్కడే ప్యాక్ కట్టించుకుంటే పనిచేస్తుందా అని.

మార్చుకోవచ్చు. స్క్రూడ్రైవర్ పట్టడం వచ్చినవారికి అరగంట పని. ఇక్కడ కట్టించే ప్యాక్ గురించి మాత్రం కాస్త చెప్పాలి.

నేను కాజీపేట రైల్వే షెడ్డులో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాను. ఉద్యోగమంతా లీడ్ యాసిడ్ బ్యాటరీలతోనే గడిచింది. డిస్టిల్డ్ వాటర్ పోయడం, టెర్మినళ్లు తుడవడం, ఎప్పుడూ నిండుగా ఉంచడం. మా అబ్బాయి జర్మనీ నుంచి ఈ రోబోను తెచ్చినప్పుడు దాన్నీ అలాగే చూసుకున్నాను. మనవరాలు దానికి తాబేలు అని పేరు పెట్టింది. ఆ తాబేలు మొదటి బ్యాటరీని చంపింది నేనే.

జరిగింది ఇది. వేసవిలో మూడు నెలలు అబ్బాయి దగ్గరికి వెళ్తూ, అలవాటు కొద్దీ ఇంటి మెయిన్ కట్టేశాను. గూటికి కరెంటు లేదు. రోబో మీది స్విచ్ మాత్రం ఆన్‌లోనే ఉండిపోయింది. దాని లోపలి ఎలక్ట్రానిక్స్ కొంచెం కొంచెంగా బ్యాటరీని తాగేశాయి. తిరిగొచ్చి చూస్తే ఉలుకూ పలుకూ లేదు. మల్టీమీటర్ పెడితే 9 వోల్టులు. ఇలాంటి రోబోల్లో సాధారణంగా ఐదు లిథియం సెల్స్ వరుసగా ఉంటాయి. ఒక్కొక్కటి 3.6 చొప్పున 18 వోల్టులు, నిండా చార్జయితే 4.2 చొప్పున 21. సెల్ 2.5 వోల్టుల కంటే కిందికి దిగకూడదు, మరీ కిందికి దిగితే లోపల రాగి కరగడం మొదలవుతుంది. నావి 1.8కి దిగాయి. ఒక మెకానిక్ బయటి చార్జర్‌తో లేపుదామన్నాడు. వద్దన్నాను. కరిగిన రాగి తిరిగి చార్జింగ్‌లో పేరుకుని లోపలే షార్ట్ చేయగలదు, అది నిప్పుతో ఆడుకోవడమే.

లీడ్ యాసిడ్‌కు, లిథియానికి ఖాళీగా పడి ఉండటం పడదు, అక్కడిదాకా రెండూ ఒకటే. కానీ లీడ్ యాసిడ్‌కు నిండుగా ఉండటం ఆరోగ్యం, లిథియానికి ఎండలో నిండుగా ఉండటం రోగం. షెడ్డులో నేర్చుకున్నదాన్ని మరిచిపోవడానికే నాకు ఎక్కువ కాలం పట్టింది.

ఇక మీ రోబో. కొత్త బ్యాటరీకి డబ్బు పెట్టే ముందు రెండు చూడండి. మొదటిది, గూటిలోని చార్జింగ్ కాంటాక్టులు. మన వానలకు వాటి మీద పచ్చటి చిలుము పడుతుంది, చార్జింగ్ సగంలో ఆగుతుంది, నింద బ్యాటరీ మీదికి పోతుంది. సన్నని ఉప్పు కాగితంతో మెల్లగా రుద్దండి, రోబో వైపున్న కాంటాక్టులను కూడా. రెండోది బ్లేడ్లు. మొద్దుబారితే మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. అవి మార్చడం చవక. ఈ రెండూ అయ్యాక నిండా చార్జ్ చేసి, గడియారం పెట్టుకుని ఎన్ని నిమిషాలు తిరుగుతుందో రాసుకోండి. మల్టీమీటర్‌లో 21 చూపిందని మోసపోవద్దు. ముసలి బ్యాటరీ కూడా ఊరికే ఉన్నప్పుడు 21 చూపుతుంది, పని పడినప్పుడే కూలబడుతుంది. అప్పటికీ పన్నెండు నిమిషాలే అయితే బ్యాటరీ పోయినట్టే. మూడేళ్లు నడిచిందంటే మన ఎండల్లో తక్కువేమీ కాదు.

ఇక్కడ కట్టించే ప్యాక్ సంగతి. నేనూ ముందు ఆ దారే పట్టాను. ఎలక్ట్రిక్ స్కూటర్లకు ప్యాకులు కట్టే ఒకాయన అసలు ధరలో మూడో వంతుకే కట్టిచ్చాడు. సెల్స్ మీద 6000 ఎంఏహెచ్ (సెల్ ఎంత చార్జ్ నిల్వ చేస్తుందో చెప్పే లెక్క) అని ముద్ర. ఆ సైజు సెల్, అంటే 18650 అనే వేలెడంతది, మంచి కంపెనీదైనా సాధారణంగా 3500 చుట్టుపక్కలే ఆగుతుంది. 6000 అన్నా, 9900 అన్నా అబద్ధమే. అనుమానం వచ్చి తెలిసిన బంగారు కొట్టులో తూకం వేయించాను. మంచి సెల్ 45 గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది, నావి ముప్పై కూడా తూగలేదు. షాపాయన నవ్వాడు, ఇంతవరకు ఎవరూ బ్యాటరీ తూకానికి తేలేదట.

అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి దొరికింది. అసలు బ్యాటరీ నుంచి మూడు తీగలు వస్తాయి: ప్లస్, మైనస్, మూడోది లోపలి వేడిని చెప్పే సెన్సర్‌ది. సెల్స్ వేడెక్కితే రోబో ఈ తీగ ద్వారా తెలుసుకుని చార్జింగ్ ఆపుతుంది. నాకు కట్టిచ్చినాయన సెన్సర్ పెట్టలేదు, రోబోను నమ్మించడానికి ఆ తీగకు ఒక రెసిస్టర్ అతికించాడు. అంటే రోహిణి కార్తె మధ్యాహ్నం కూడా లోపల చల్లగానే ఉందని రోబో అనుకుంటుంది. ఆ ప్యాక్‌ను ఒక్కరోజు కూడా వాడలేదు. కాబట్టి కట్టించుకోవద్దని కాదు నా మాట. సెన్సర్, రక్షణ సర్క్యూట్ పెట్టి, సెల్స్‌ను టంకం వేయకుండా నికెల్ పట్టీలతో స్పాట్ వెల్డింగ్ చేసి, మీ ఎదురుగా కట్టేవారు దొరికితే సరే. లేకపోతే కంపెనీదే తెప్పించుకోండి.

నాది అబ్బాయి వస్తూ తెచ్చాడు. విడి లిథియం బ్యాటరీని విమానంలో చేతిసంచిలోనే తేవాలి, లగేజీలో వేయకూడదు. 100 వాట్ అవర్ల లోపైతే అనుమతి అక్కర్లేదు. 18 వోల్టులను 2.5 యాంపియర్ అవర్లతో గుణిస్తే 45 వాట్ అవర్లు మాత్రమే. పెద్ద లాన్ల రోబోలవి 100 దాటవచ్చు, అప్పుడు ముందుగా ఎయిర్‌లైన్‌ను అడగాలి. 160 దాటితే ఒప్పుకోరు. టెర్మినళ్లకు టేపు చుట్టమనండి.

మార్చేటప్పుడు రోబో మీది మెయిన్ స్విచ్ ఆపి, చేతులకు మందపాటి తొడుగులు వేసుకుని, గోనెసంచి మీద రోబోను బోర్లించండి. బ్లేడ్లు చిన్నవే కానీ వేలు తెగుతుంది, నాకు తెగింది. ముందు బ్రష్‌తో గడ్డి పొట్టంతా దులపండి. మూత స్క్రూలకు నక్షత్రం ఆకారపు బిట్ కావాలి. తీగలు ఊడదీసే ముందు ఫోనులో ఫోటో తీసుకోండి. మూత చుట్టూ ఉండే రబ్బరు గ్యాస్కెట్ మీదే అసలు జాగ్రత్త: ఒక్క గడ్డిపోచ దాని కింద ఇరుక్కున్నా ఆషాఢం వానకు నీళ్లు లోపలికి దిగుతాయి. తుడిచి, పగుళ్లుంటే గ్యాస్కెట్ కూడా మార్చండి. స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించండి. ప్లాస్టిక్ మరలు, బలం చూపిస్తే తిరిగిపోతాయి.

కొత్తది వేశాక నేను చేస్తున్నది: గూటి మీద నీడకు చిన్న పందిరి వేశాను. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజామునే తిప్పుతాను. 45 డిగ్రీల దగ్గర లిథియం చార్జింగ్ తీసుకోకూడదు, రోబో మొరాయిస్తే అది చెడిపోయినట్టు కాదు. ఊరికి వెళ్తే సగం చార్జ్‌లో ఉంచి, రోబో మీది స్విచ్ ఆపి, ఇంట్లో చల్లటి గదిలో పెడతాను. నెలన్నరకోసారి చూడమని పక్కింటి వదినగారికి చెబుతాను. పైపుతో కడగను, తడిగుడ్డ చాలు. ఒక మూల గునుగు మొక్కల చుట్టూ హద్దు తీగను, అంటే రోబో దాటకుండా వేసే తీగను, తిప్పి వేశాను. అది బ్యాటరీ కోసం కాదు, తాబేలు ఒకసారి బతుకమ్మ పూలన్నీ కోసేశాక మా ఆవిడ పెట్టిన షరతు.

పాతదాన్ని చెత్త ఆటోలో వేయకండి, నలిగితే అంటుకుంటుంది. టెర్మినళ్లకు టేపు వేసి, ఈ-వేస్ట్ తీసుకునేవారికి ఇవ్వండి. 2022 నాటి నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీల సేకరణ బాధ్యత వాటిని అమ్మే కంపెనీలదే.

మూత విప్పాక బ్యాటరీ లేబుల్ మీది వోల్టులు, యాంపియర్ అవర్లు, బయటికి వచ్చే తీగల సంఖ్య ఇక్కడ రాయండి. ఏది సరిపోతుందో చెబుతాను.