పసుపెక్కిన వరికి యూరియా వేయాలా, మీటరు మాట వినాలా?

ప్రశ్న: మాది బాపట్ల జిల్లా. సాంబ మసూరి నాటి 28 రోజులైంది. మడిలో అక్కడక్కడా పైరు పసుపెక్కింది. మా ఊళ్లో ఒకాయన దగ్గర ఆకుకు తగిలించి చూసే స్పాడ్ మీటరు ఉంది. ఆకు కోయకుండానే నీరు, నత్రజని, జింకు అన్నీ చెబుతుందంటున్నాడు. అంకె తక్కువొచ్చింది, యూరియా వేయమన్నాడు. వేయమంటారా?

జవాబు: ఇప్పుడే వేయకండి. ఆ మీటరు ఆకు గుండా రెండు రకాల కాంతి పంపుతుంది. ఒకటి 650 నానోమీటర్ల ఎరుపు, రెండోది 940 నానోమీటర్ల పరారుణం, అది కంటికి కనపడదు. ఆకులోని పత్రహరితం ఎరుపును పీల్చుకుంటుంది, పరారుణాన్ని వదిలేస్తుంది. ఆ తేడాయే మీరు చూసిన అంకె. అంటే అది కొలిచేది పచ్చదనాన్ని. నత్రజని తగ్గితే పచ్చదనం తగ్గుతుంది కనుక దాన్నిబట్టి నత్రజనిని అంచనా కడతాం. నీటి సంగతి దానికి తెలియదు. ఆకులోని నీరు బాగా పీల్చుకునే కాంతి 1450, 1940 నానోమీటర్ల దగ్గర ఉంటుంది, దాన్ని చూసే పరికరాలు వేరు. జింకునూ అది చూడలేదు. జింకు లోపంతో ఆకు పాలిపోయినా అంకె తక్కువే వస్తుంది. మీకు చిక్కు అక్కడే వచ్చింది.

ముందు మడిలో దిగి ఏ ఆకు పసుపెక్కిందో చూడండి. ముదురాకులు కొన నుంచి పండుతూ, మడంతా ఒకే తీరుగా పాలిపోతే అది నత్రజని లోపం. అలా కాక పైనుంచి మూడు, నాలుగు ఆకుల్లో ఈనె మొదలు పాలిపోయి, తుప్పు మచ్చలు వచ్చి, ఆకు వంచగానే చప్పుడు చేస్తూ విరిగితే జింకు లోపం. నాటిన నెలలోపు, అదీ అక్కడక్కడా అంటున్నారు కాబట్టి నా అనుమానం జింకు మీదే. లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి, 5 రోజుల తేడాతో రెండు మూడుసార్లు కొట్టండి. పురుగుమందులతో కలపకండి.

సాంబ మసూరికి నత్రజని ఎక్కువైతే అగ్గితెగులు, దోమపోటు రెండూ ముసురుకుంటాయి. పసుపు కనపడిందని యూరియా చల్లి, కార్తీకంలో సుడులు సుడులుగా మాడిన మడి గట్టున నిలబడ్డ రైతుల్ని చూశాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మీటరు కొననక్కర్లేదు. ఆకు రంగుల పట్టిక అని, లేత నుంచి ముదురు దాకా పచ్చ రంగులకు అంకెలు వేసిన ప్లాస్టిక్ పట్టీ చాలు, వెల తక్కువ. వారానికోసారి, ఉదయం 8–10 గంటల మధ్య, మీ నీడ ఆకు మీద పడేలా నిలబడి, పైన పూర్తిగా విచ్చుకున్న ఆకును పట్టీకి ఆనించి చూడండి. తెగులు లేని 10 దుబ్బులు చూడాలి, ప్రతిసారీ ఒకే మనిషి చూడాలి. పదింటిలో ఆరు ఆకులు 4వ అంకె రంగు కన్నా లేతగా ఉంటే ఎకరాకు అర కట్ట యూరియా వేయండి, లేకపోతే ఆగండి. పూత మొదలయ్యాక ఇక చూడక్కర్లేదు.