పాఠకుల ప్రశ్నలు: బుష్‌క్రాఫ్ట్ (అడవిలో బస, కట్టె పని) కత్తిని చూసి ఎంచుకోవడం

ప్రశ్న: క్యాంపింగ్‌కీ, కట్టె పనికీ కలిపి ఒకే కత్తి కొందామని చూస్తున్నాను. 1095, డి2, 12సి27, 14సి28ఎన్... ఇన్ని పేర్లలో ఏ ఉక్కు తీసుకోవాలో తేలడం లేదు.

జవాబు: పని అయిన ప్రతిసారీ కత్తిని తుడిచి పెట్టే అలవాటు మీకుందా? ఉంటే కార్బన్ స్టీల్ తీసుకోండి, లేకపోతే స్టెయిన్‌లెస్. సగం అక్కడే తేలిపోతుంది.

1095 కార్బన్ స్టీల్. అందులో కార్బన్ దాదాపు 0.95 శాతం, క్రోమియం లేనట్టే. వాదర సన్నగా తీయొచ్చు, మామూలు సానరాయి మీదే చప్పున పదునెక్కుతుంది. కానీ పుల్లటి పండు కోసి అలాగే వదిలేస్తే కాసేపటికే నల్లమచ్చ పడుతుంది. దానికి కంగారు పడక్కర్లేదు, అది పాటినా అనే హానిలేని పైపొర. ఎర్రటి తుప్పు కనిపిస్తే మాత్రం ఆ రోజే తీసేయాలి.

12సి27, 14సి28ఎన్ రెండూ స్వీడన్ స్టెయిన్‌లెస్ ఉక్కులు. కార్బన్ 0.6 శాతం దరిదాపుల్లో, క్రోమియం 13.5 నుంచి 14 శాతం. వీటిలో కార్బైడ్ రేణువులు (కార్బన్ లోహంతో కలిసి ఏర్పడే గట్టి పలుకులు) సన్నగా ఉంటాయి కాబట్టి స్టెయిన్‌లెస్ అయినా సానకు తేలిగ్గా లొంగుతాయి. రెండో పేరు చివర ఉన్న ఎన్ నైట్రోజన్‌కి గుర్తు. అది కలవడం వల్ల తుప్పును ఇంకాస్త బాగా తట్టుకుంటుంది.

డి2తో జాగ్రత్త. 12 శాతం క్రోమియం ఉంది కదా, స్టెయిన్‌లెస్సే అనుకుని కొంటారు. కానీ అందులో కార్బన్ 1.5 శాతం. క్రోమియంలో చాలా భాగం కార్బైడ్లలోనే చిక్కుకుపోతుంది, తుప్పును ఆపడానికి చాలినంత మిగలదు. ఆ పెద్ద పెద్ద కార్బైడ్ల పుణ్యమా అని పదును చాలాసేపు నిలుస్తుంది, దెబ్బ తగిలినప్పుడు వాదర పెచ్చులూడేదీ వాటివల్లే. తాళ్లు, అట్టలు కోసే కత్తికి డి2 బాగుంటుంది. కట్టెలు చీల్చే కత్తికి మేం సూచించం.

ఏ ఉక్కయినా హీట్ ట్రీట్‌మెంట్ (కాల్చి, చల్లార్చి గట్టిపరచడం) సరిగ్గా కుదరకపోతే దాని పేరుకి విలువ లేదు. తయారీదారు గట్టిదనం ఎంతో చెప్పారా చూడండి. ఈ పనికి గట్టిదనాన్ని కొలిచే రాక్‌వెల్ సి స్కేలు మీద 57 నుంచి 60 మధ్య ఉండాలి. అంతకు బాగా తగ్గితే వాదర మడత పడుతుంది, బాగా పెరిగితే విరుగుతుంది. తొలి కత్తి అయితే 14సి28ఎన్ లేదా 12సి27, అలుగు 10–11 సెంటీమీటర్లు, వెన్ను దగ్గర మందం 3 మిల్లీమీటర్లు, స్కాండి గ్రైండ్ (వాదర దాకా ఒకే వాలుగా అరగదీసింది). 5 మిల్లీమీటర్ల మందం చూడ్డానికి దిట్టంగా ఉంటుంది కానీ చెక్కే పనిలో మేకులా దిగి ఆగిపోతుంది.

ప్రశ్న: కత్తి చేతికొచ్చాక అది బాగా చేసిందో లేదో ఎలా కనిపెట్టాలి? గీతలు పడకుండా పరీక్షించాలి.

జవాబు: మంచి వెలుతురు ఒక్కటి చాలు. వాదర పైకి, మొన మీకు అవతలి వైపు ఉండేలా పట్టుకుని పొడుగునా చూడండి. గీత గీసినట్టు తిన్నగా ఉండాలి. వాదర మీద ఎక్కడైనా చుక్కలా మెరిస్తే అక్కడ మొద్దుబారిందనో, మడత పడిందనో అర్థం, పదునైన వాదర వెలుతురును తిప్పికొట్టదు. తర్వాత రెండు పక్కలా వాలు ఎంత వెడల్పుందో పోల్చండి. ఒకవైపు 6 మిల్లీమీటర్లు, మరోవైపు 4 ఉంటే చెక్కేటప్పుడు కత్తి ఒక పక్కకు లాగుతుంది.

మొన దగ్గర నీలం ఛాయ ఉందేమో చూడండి. అక్కడ లోహం పల్చన, గ్రైండింగ్ బెల్టు వేడికి ముందుగా కాలేది అదే. కార్బన్ స్టీల్ నీలం తిరిగిందంటే దాదాపు 300 డిగ్రీల వేడి తగిలినట్టు, అక్కడ గట్టిదనం పోయినట్టే. అలాంటిది వెనక్కి ఇచ్చేయండి.

ఇక పిడి. అలుగు ఉక్కే పిడిలోకి సాగుతుంది, దాన్ని ట్యాంగ్ అంటారు. పిడి వెడల్పంతా ఉంటే ఫుల్ ట్యాంగ్, సన్నగా లోపలికి దిగితే స్టిక్ ట్యాంగ్. స్టిక్ ట్యాంగ్ అంటేనే నాసిరకం అన్న మాట తప్పు. ఫిన్లాండ్ పూక్కో కత్తులు తరతరాలుగా ఆ పద్ధతిలోనే చేస్తున్నారు. అసలు చూడాల్సింది అలుగు సన్నబడి ట్యాంగ్‌గా మారే మూల. ఆ మూల గుండ్రంగా తిరగాలి. కోణంగా నరికినట్టుంటే దెబ్బల బరువంతా అక్కడే పడి పగులు మొదలవుతుంది. పిడి బిగించాక ఆ చోటు కనిపించదు, కాబట్టి తయారీదారు పెట్టిన విడిభాగాల ఫోటో వెతకండి.

ఫుల్ ట్యాంగ్ అయితే గోటిని పిడి చెక్క మీంచి ఉక్కు మీదికి అడ్డంగా జరపండి. గోరు తట్టుకోకూడదు. తట్టుకుందంటే అక్కడ సందు ఉండొచ్చు, ఉంటే అందులోకి నీరు దిగి లోపల్నుంచి తుప్పు పడుతుంది. చివరగా వెన్ను. దాని అంచులు 90 డిగ్రీల కోణంలో పదునుగా ఉంటేనే ఫెర్రో రాడ్ (నిప్పు రాజేసే కడ్డీ) మీద గీసినప్పుడు నిప్పురవ్వలు ధారాళంగా రాలతాయి. గుండ్రంగా అరగదీసిన వెన్నుతో ఎంత గీసినా లాభం ఉండదు.

ప్రశ్న: పిడికి చెక్క మంచిదా, మైకార్టా, జీ10 లాంటివి మంచివా?

జవాబు: తడిలో వాడే కత్తికి మా ఓటు మైకార్టాకే. బట్ట పొరలను ఫీనాలిక్ రెసిన్‌తో కలిపి ఒత్తి చేస్తారు దాన్ని. మెరుగు పెట్టకుండా కాస్త గరుకుగా వదిలేస్తే చెయ్యి తడిసినా జారదు. జీ10 గాజు పోగులు, ఎపాక్సీతో చేసింది. ఇంకా గట్టిది, కానీ నున్నగా ఉంటే జారుతుంది. దాన్ని ఇంట్లో అరగదీయాలనుకుంటే మాస్కు తప్పనిసరి, గాజు ధూళి ఊపిరితిత్తులకు హాని.

చెక్క చేతికి హాయిగా ఉంటుంది, చలిలో అంత చల్లగా తగలదు. దాని ఇబ్బందల్లా గాల్లో తేమను బట్టి ఉబ్బడం, కుంచించుకోవడం. ఉక్కు అలా కదలదు కాబట్టి రెండూ కలిసే చోట మెట్టు లేస్తుంది. రెసిన్ ఎక్కించిన స్టెబిలైజ్డ్ చెక్కలో ఈ బాధ చాలా తక్కువ. మామూలు చెక్కయితే అవిసె నూనె పల్చగా రాసి, పావుగంట ఆగి, మిగిలింది పూర్తిగా తుడిచేయండి. తుడిచిన గుడ్డను ఉండ చుట్టి పడేయొద్దు. ఆ నూనె ఆరుతూ వేడి పుట్టిస్తుంది, గుడ్డ తనంతట తానే అంటుకుంటుంది. పరిచి ఆరబెట్టాకే పారేయండి.

వేళ్లకు గాళ్లు చెక్కిన పిడి మాత్రం వద్దు. మీ వేళ్లు ఆ గాళ్లలో కుదిరినా, పట్టు మార్చగానే గట్లు అరచేతిలో గుచ్చుకుంటాయి.

ప్రశ్న: కొత్త స్కాండి కత్తితో కట్టె చీలిస్తే వాదర దెబ్బతింది. ఉక్కు నాసిరకమా?

జవాబు: ఇప్పుడే ఆ మాట అనలేం. దూది తీసుకుని వెన్ను నుంచి వాదర వైపు మెల్లగా తుడవండి. దూది ఒకవైపే పట్టుకుంటే వాదర మడత పడింది. రెండువైపులా పట్టుకుని, భూతద్దంలో చిన్న గుంటలు కనిపిస్తే పెచ్చులూడింది. కొత్త కత్తుల్లో ఫ్యాక్టరీ గ్రైండింగ్ వేడికి అంచు మాత్రమే చెడి ఉండటం మామూలే. రెండు మూడుసార్లు సానబెడితే లోపలి మంచి ఉక్కు బయటపడుతుంది.

వాలును రాయికి పూర్తిగా ఆనించి, రెండో పక్కన పొడుగునా సన్నటి బర్ (అంచు అవతలికి తిరిగిన లోహపు గరుకు) తగిలేదాకా రుద్దండి. పక్క మార్చి అలాగే చేయండి. ఆఖర్న సన్నటి రాయి మీద వెన్నును కొద్దిగా పైకెత్తి, బరువు పెట్టకుండా పక్కకు మూడేసి రుద్దులు ఇవ్వండి. అంచున వెంట్రుకవాసి రెండో వాలు ఏర్పడి గట్టి చెక్కను తట్టుకుంటుంది. చీల్చేటప్పుడు కణుపులున్న తుంటను పక్కన పెట్టండి, ఇరుక్కున్న కత్తిని మెలితిప్పొద్దు. ఇంత చేసినా నాలుగో సాన తర్వాత మళ్లీ పెచ్చులూడితే తప్పు హీట్ ట్రీట్‌మెంట్‌దే. వారంటీ అడగండి.

ప్రశ్న: తోలు ఒరలో దాచిన కత్తికి తుప్పు ఎందుకు పడుతోంది?

జవాబు: తోలు తేమను పట్టి ఉంచుతుంది, తోలు శుద్ధిలో వాడిన పదార్థాలూ ఉక్కును తింటాయి. ఒర వాడకానికే, దాచేటప్పుడు కత్తిని బయట ఉంచండి. అలుగుకు ఆహారానికి పనికొచ్చే మినరల్ ఆయిల్ రెండు చుక్కలు చాలు. వంటనూనెలు ఆరాక జిగురుగా మారతాయి.