పడమటి గోడ సెగ తగ్గాలంటే

ప్రశ్న: మాది నంద్యాల. పడగ్గది కింది అంతస్తులో, పడమటి వైపు ఉంది. తొమ్మిదంగుళాల ఇటుక గోడ. ఎండాకాలం రాత్రి పదింటికి కూడా గోడ సెగలు కక్కుతుంది. టేకు కిటికీలు తీసి యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) చట్రాల్లో డబుల్ గ్లాస్ (మధ్యలో ఖాళీ వదిలిన జంట గాజులు) పెట్టి, గోడకు బయట షీట్లతో క్లాడింగ్ (పైతొడుగు) చేయిస్తే ఏసీ బిల్లు తగ్గుతుందంటున్నారు. నిజమేనా?
- ఒక పాఠకురాలు

జవాబు: తగ్గుతుంది గానీ, ఏ గాజు, ఏ క్లాడింగ్ అన్నదాన్ని బట్టి.

ఇటుక గోడ సాయంత్రం దాకా తాగిన వేడిని గంటల తరబడి దాచుకుని మెల్లగా లోపలికి వదులుతుంది. కాబట్టి ఎండను గోడ బయటే ఆపాలి. షీట్లయితే గోడకు ఆనించి కొట్టించకండి. మధ్యలో రెండంగుళాలు వదిలి, పైనా కిందా తెరిచి జాలీ పెట్టిస్తే వేడి గాలి పైకి పోతుంది, షీటు గొడుగులా పనిచేస్తుంది. అందం కోసం అంచులు మూసేస్తే ఆ లాభం చాలావరకు పోయినట్టే.

మా ఓటు మాత్రం షీట్లకు బదులు గోడ బయట అతికించే 50 మి.మీ. థర్మోకోల్‌కే. గోడలోంచి వచ్చే వేడి దాదాపు నాలుగో వంతుకు దిగుతుంది. ఘనపు మీటరుకు 15-20 కిలోల సాంద్రత ఉన్న, మంట తొందరగా అంటుకోని రకం అడగండి. ముందు గోడ చెమ్మ మాన్పించాలి. జిగురుతో అతికాక చదరపు మీటరుకు అయిదారు ప్లాస్టిక్ యాంకర్లు (గోడలోకి దిగే బిరడాలు) కొట్టించాలి. 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గోడకు అరవై పైచిలుకు. థర్మోకోల్‌పై సిమెంటు మసాలా పూసి, తడి ఆరకముందే ఫైబర్ మెష్ (గాజు నార వల) అందులోకి నొక్కాలి. అతుకుల దగ్గర 10 సెం.మీ. ఒకదానిపై ఒకటి రావాలి. మేస్త్రీలు మెష్‌ను పొడి థర్మోకోల్ మీద పరిచి పైన పూసేస్తుంటారు, పగుళ్లు అందుకే. కిటికీ మూలల్లో ఏటవాలుగా అదనపు మెష్ ముక్క వేయించండి. కిటికీ కింది పలక కొత్త మందాన్ని దాటి బయటకు రాకపోతే వాన నీరు వెనక్కి దిగుతుంది. పైన లేత రంగు.

ఇక కిటికీలు. మామూలు గాజు ఎండ వేడిలో 80 శాతానికి పైగా లోపలికి వదులుతుంది. సాదా డబుల్ గ్లాసు కూడా 70 శాతం దాకా వదిలేస్తుంది! ఎండను ఆపే లో-ఇ అనే సన్నటి లోహపు పూత ఉన్న డబుల్ గ్లాసయితే 30-40 శాతానికి దిగుతుంది. పూత బయటి గాజు లోపలి ముఖాన ఉండాలి. లైటర్ వెలిగించి బయటి నుంచి చూస్తే నాలుగు మంటలు కనిపిస్తాయి. ముందు నుంచి రెండోది రంగు మారి ఉండాలి.

టేకు చట్రాలు గట్టిగా ఉంటే తీయకండి. వాటి గాడిలో 24 మి.మీ. మందం డబుల్ గ్లాస్ పట్టదు గానీ 5 మి.మీ. సోలార్ కంట్రోల్ (ఎండ వేడిని తగ్గించే) ఒంటి గాజు పడుతుంది. రెక్కల చుట్టూ రబ్బరు సీలు వేస్తే సందులు మూసుకుంటాయి.

మారుస్తామంటే స్లైడింగ్ కన్నా రెక్క తలుపులే మేలు, గాలి దూరదు. గోడలో కిటికీ ఖాళీ వెడల్పు, ఎత్తు మూడేసి చోట్ల కొలిచి, తక్కువ కొలతలోంచి 10 మి.మీ. తగ్గించి చేయించాలి. చట్రానికీ గోడకీ మధ్య సందులో ఫోమ్, బయట న్యూట్రల్ (వెనిగర్ వాసన రాని) సిలికాన్ వాడాలి. వెనిగర్ వాసన వచ్చే రకం డబుల్ గ్లాస్ అంచు సీలును తినేస్తుంది. తేమ లోపలికి చేరి గాజుల మధ్య మసక పట్టిందంటే ఆ గాజు మార్చాల్సిందే. చట్రం కింద నీరు పోయే రంధ్రాలను సిమెంటుతో పూడ్చనివ్వకండి.

ఈ వేసవికి డబ్బు సర్దుబాటు కాకపోతే కిటికీకి బయట వెదురు తెర కట్టండి. నాలుగింటి ఎండ కిందికి వాలి వస్తుంది, సజ్జ దాన్ని ఆపలేదు. మీ పొడి వేడికి వట్టివేళ్ల తడికలైతే ఇంకా హాయి.