ఈ ప్రాజెక్టుతో ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం దగ్గర పల్లె. తిరుపతిలో బీటెక్ ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. వైర్‌లెస్ సెన్సర్ నెట్‌వర్కుల్లో మొబైల్ డేటా కలెక్టర్ల మీద ప్రాజెక్టు చేయమని మా గైడ్ సార్ అంటున్నారు. నాన్నేమో ‘దాంతో ఉద్యోగం వస్తుందా? సాఫ్ట్‌వేర్ కోర్సు చెయ్యి’ అంటున్నారు. ఏం చేయాలి సార్?

జవాబు: ముందు నాన్నకు ఇలా చెప్పి చూడమ్మా. మీ ఊరికి పొద్దునా సాయంత్రం పాలవ్యాను వస్తుంది కదా. పాడి ఉన్న ప్రతి ఇల్లూ క్యాను మోసుకుని చిత్తూరు పోదు, బండే వచ్చి తీసుకుపోతుంది. నీ ప్రాజెక్టూ అంతే. మామిడితోటలో నేల తేమ కొలవడానికి పెట్టిన సెన్సర్లు ఒకదాని నుంచి ఇంకొకదానికి డేటా అందించుకుంటూ పోతే, గేట్‌వే, అంటే డేటాను తోట బయటికి పంపే పెట్టె, దాని పక్కనున్న వాటి మీద తోటంతటి భారం పడుతుంది. ముందు వాటి బ్యాటరీలే అయిపోతాయి. అవి ఆగిపోయాక దూరాన ఉన్నవి బాగున్నా లాభం లేదు, వాటి డేటా బయటికి రాదు. అందుకని డేటా అందుకునే రిసీవరునే బండి మీద తిప్పుతారు, మొబైల్ డేటా కలెక్టర్ అంటే అదే. 2004లో ప్రిన్స్‌టన్ పరిశోధకులు కెన్యాలో జీబ్రాల మెడపట్టీల నుంచి డేటా తెచ్చుకున్నదీ ఈ తరహాలోనే.

చిక్కల్లా ఆలస్యం, బండి వచ్చేదాకా డేటా ఆగాలి. నేల తేమ సంగతి సాయంత్రానికి తెలిసినా నష్టం లేదు. శేషాచలం అడవిలో మంట సంగతి అలా కాదు. ఎంత ఆలస్యమైతే ఫర్వాలేదని, ఇంటర్వ్యూలో నేనైతే మొదట ఇదే అడుగుతాను.

ఈ పేరుతో ఉద్యోగ ప్రకటనలు వెతికితే దొరకడం కష్టం. అంతవరకు నాన్న మాట నిజమే. కంపెనీలు చూసేది ఎంబెడెడ్ సీ (చిన్న చిప్పులకు సీ భాషలో ప్రోగ్రాం రాయడం) వచ్చా, కరెంటు వాడకం కొలవడం వచ్చా అని. కంప్యూటర్‌లోనే నడిపి చూసిన సిమ్యులేషన్ గ్రాఫులతో సరిపెట్టే ప్రాజెక్టులు చాలానే చూశాను, వాటితో ఎవరూ మెప్పు పొందరు. నువ్వు వైఫై ఉన్న చిన్న చిప్పుతో వచ్చే ఈఎస్‌పీ32 బోర్డులు నాలుగైదు తోటలో పెట్టు. డీప్ స్లీప్‌లో, అంటే పనిలేనప్పుడు దాదాపు అన్నీ ఆపేసి నిద్రపోయినప్పుడు, ఆ చిప్ వాడేది పది మైక్రోయాంపుల లెక్కలో ఉంటుందని డేటాషీటు చెబుతుంది. నీ మీటరులో అంతకు ఎన్నో రెట్లు కనిపించవచ్చు. బోర్డు మీది రెగ్యులేటరూ యూఎస్‌బీ చిప్పూ కూడా కరెంటు తాగుతాయి మరి. ఆ తేడా ఎక్కడిదో పట్టుకుని తగ్గించావంటే, బెంగళూరు చెన్నైలలో ఫర్మ్‌వేర్ (పరికరాల్లోని చిప్పులను నడిపే ప్రోగ్రాం) ఉద్యోగాలకు చెప్పుకోవడానికి నీ దగ్గర సరుకున్నట్టే.

రిసీవరు తిప్పడానికి డ్రోన్ జోలికి ఇప్పుడే పోవద్దు, నాన్న టీవీఎస్ ఎక్సెల్ బండి చాలు. పైచదువు మీద మనసుంటే ఎంటెక్ ప్రవేశానికి గేట్ పరీక్ష రాయి, ఏర్పేడు ఐఐటీ ఎంత దూరం! నాన్న చెప్పిన కోర్సునూ కొట్టిపారెయ్యకు. పైథాన్ నేర్చుకో, తోట నుంచి తెచ్చిన లెక్కలు సరిచూడటానికి ఎలాగూ అది కావాలి.