పాత లారీకి ట్యాంక్ ఫ్లోట్ యూనిట్ కొనేముందు ఓమ్స్ కొలవండి

"మా పాత లారీలో డీజిల్ గేజ్ పనిచేయడం లేదు, ట్యాంకులో సెండింగ్ యూనిట్ మార్చాలంటున్నారు, మోడల్, సంవత్సరం చెబితే సరైనది దొరుకుతుందా?" అని అడిగారు. దొరకదు. ఎప్పుడైనా దొరికిందంటే అది అదృష్టం. సెండింగ్ యూనిట్ అంటే ట్యాంకులో తేలే ఫ్లోట్ పైకీ కిందికీ కదిలినదాన్నిబట్టి రెసిస్టెన్స్ మార్చి, డీజిల్ ఎంతుందో గేజ్‌కి చెప్పేది. పాత బండికి కాగితాల్లో ఉన్న మోడల్ ఒకటి, కింద వేలాడుతున్న ట్యాంకు ఇంకొకటి. ఇన్నేళ్ళలో ఆ ట్యాంకు ఎన్నిసార్లు మారిందో, డాష్‌బోర్డులో ఆ గేజ్ ఏ బండిలోంచి తీసి పెట్టారో ఎవరు చెప్పగలరు? అందుకే మోడల్ పేరు పట్టుకుని తిరగడం మానేసి చేతిలో మల్టీమీటర్ పట్టుకోండి, ఆ రెసిస్టెన్స్‌ని ఓమ్స్‌లో కొలిచే మీటరు అది. నేను ఇది చాలా కష్టపడి నేర్చుకున్నాను.

నాన్న నడిపిన బండి నా చేతికొచ్చేసరికి గేజ్ ముల్లు ఎప్పుడూ కిందే ఉండేది. నాన్నకి దాని అవసరమే లేదు, గంట్లు పెట్టిన ఒక కర్ర ట్యాంకులో ముంచి చూసేవాడు. నాకేమో గేజ్ చూసుకుని నడపాలని పట్టుదల. ట్యాంకు మీద స్క్రూలు విప్పి యూనిట్ బయటికి తీస్తే, కాడ చివరనున్న ఇత్తడి ఫ్లోట్ బరువుగా ఉంది, చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల డీజిల్ గలగలలాడింది. అతుకు దగ్గర సన్నని చిల్లు పడి లోపలికి డీజిల్ చేరింది, ఇక అది తేలేదెలా? ఫ్లోట్ ఒక్కటి మారిస్తే సరిపోయే పని. కానీ విడిభాగాల కొట్లో "ఇది అన్ని బళ్ళకీ సరిపోతుంది" అని మొత్తం కొత్త యూనిట్ చేతిలో పెట్టారు, నేనూ తెచ్చి బిగించాను, పాతది ఇనప సామాను సంచిలో పడేశాను.

తాళం తిప్పగానే ముల్లు లేచి ఫుల్ దాటి నిలబడింది. ట్యాంకులో అడుగున కొంచెమే ఉందని నాకు తెలుసు. పోనీ డీజిల్ పోస్తే సర్దుకుంటుందేమో అనుకుని నిండా పోయించి చూస్తే ముల్లు దిగి దిగి ఎంప్టీ పక్కకొచ్చి ఆగింది! మెకానిక్ "అన్నా, రెండు వైర్లూ తిరగేద్దాం, సరైపోద్ది" అన్నాడు. తిరగేస్తే ఏమీ కాదు, కొలిచే రెసిస్టెన్స్ అటు నుంచైనా ఇటు నుంచైనా ఒకటే. ఈ మాట ఇప్పటికీ చాలామంది చెబుతూనే ఉన్నారు, వినకండి.

సరే, ఉల్టాగా చూపిస్తోంది కదా, ఉల్టాగానే చదువుకుందాం అని లోడుతో బయల్దేరాను. ముల్లు పైకి వెళ్తోందంటే డీజిల్ తగ్గుతోందని లెక్క. అర్ధరాత్రి, వాన, ఎత్తు ఎక్కుతుండగా ముల్లు ఫుల్ గీత దాటింది. ఇంకా కొంత ఉందిలే అనుకున్నాను, ఎందుకంటే అక్కడికొచ్చాక అది కదలడం మానేసింది. కాసేపటికి ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. క్లీనర్ కుర్రాడు డబ్బా పట్టుకుని ఎవరో ఒకరి బండి ఆపి డీజిల్ తెచ్చేసరికి గంటన్నర. పోసినంత మాత్రాన డీజిల్ ఇంజను స్టార్ట్ కాదు కదా, లైన్లో గాలి చేరిపోయింది. ఫిల్టర్ మీది ఎయిర్ స్క్రూ వదులు చేసి వాడు టార్చి పట్టుకుంటే నేను చేతి పంపు కొడుతూ కూర్చున్నాను. ముందు తెల్లటి నురగ, తర్వాత బుడగలు, ఆ బుడగలు ఆగి నిఖార్సైన డీజిల్ వచ్చేదాకా కొడుతూనే ఉండాలి. నాకప్పుడు బండి కంటే ఆ కుర్రాడి గురించే టెన్షన్, రోడ్డు పక్కన చీకట్లో తడుస్తూ నిలబడ్డాడు పాపం.

మర్నాడు సంచిలోంచి పాత యూనిట్ వెతికి తీసి, కొత్తదాని పక్కన పెట్టి రెంటినీ మీటరుతో కొలిచాను. పాతది కాడ కింద ఉన్నప్పుడు 10 ఓమ్స్, పైకెత్తితే 180. కొత్తది కింద 240, పైన 33. అంతే సంగతి! నా గేజ్‌కి 180 అంటేనే ఫుల్, ఆపైన ముల్లు ఎక్కడానికి చోటు లేదు, కాబట్టి ట్యాంకులో ఆఖరి భాగం ఖర్చవుతున్నంతసేపూ అది నాకేమీ చెప్పలేకపోయింది.

ఈ అంకెలు ఒక్కో కంపెనీకి ఒక్కోరకం. యూరప్‌లోని వీడీవో కంపెనీ రకం గేజ్‌లకి ఎంప్టీ 10, ఫుల్ 180. విడిగా అమ్మే అమెరికన్ గేజ్‌లకి ఎక్కువగా 240 నుంచి 33. పాత ఫోర్డ్ ట్రక్కుల్లో ఎంప్టీ 73, ఫుల్ 10. 1960ల మధ్య నుంచి చాలాకాలం జనరల్ మోటార్స్ వాటిలో 0 నుంచి 90, అంతకుముందు వాటిలో 0 నుంచి 30. చూడటానికి అన్నీ ఒకేలా ఉంటాయి, అదే కాడ, అదే ఫ్లోట్. డబ్బా మీద ఇంత పెద్ద అక్షరాలతో "యూనివర్సల్" అని వేస్తారు, ఓమ్స్ మాత్రం చాలామంది వేయరు. కొనేవాడికి కావలసిన ఒక్క ముక్క అదే కదా! అది రాయని యూనిట్ కొనాల్సి వస్తే కొట్లోనే మీటరు పెట్టి కాడ ఎత్తీ దించీ చూడండి, చూడనివ్వకపోతే అక్కడ కొనకండి.

ఓమ్స్ కలిశాక ట్యాంకు లోతు. పైమూత నుంచి అడుగుకి ఎంతుందో కర్రతో కొలవండి, కాడ పొడవు దాన్నిబట్టే ఉండాలి, లేకపోతే ఫ్లోట్ అడుగుకి తగిలి ఆగిపోతుంది లేదా నిండా ఉన్నా పూర్తిగా లేవదు. ట్యాంకు లోపల అడ్డ రేకులుంటాయి, వాటికి తగలకుండా కాడ ఊగాలి. యూనిట్‌ని ట్యాంకుకి స్క్రూలతో బిగించే పళ్ళెం, అదే ఫ్లాంజ్, అయిదు రంధ్రాలది అయితే రంధ్రాల మధ్య దూరాలు సమానంగా ఉండవు, అది ఒక్క దిక్కులోనే కూర్చుంటుంది, బలవంతంగా తిప్పకండి. డీజిల్ లాగే పైపు కూడా ఆ యూనిట్‌లోనే ఉంటే పైపు సైజు, ఇంజను వాడగా మిగిలిన డీజిల్ తిరిగొచ్చే రిటర్న్ పైపు ఉందా లేదా అన్నదీ చూసుకోవాలి.

అసలు అన్నిటికంటే ముందు చేయాల్సింది ఒకటుంది. యూనిట్ పోయిందని తేల్చేముందు ట్యాంకు ఎర్త్ చూడండి. ట్యాంకు కింద రబ్బరు ప్యాడ్‌లు, పట్టీలకి తుప్పు, ఇక కరెంటు ఛాసిస్‌కి ఎలా చేరుతుంది? ట్యాంకు నుంచి ఛాసిస్‌కి ఒక వైరు వేసి చూడండి. నా రకం గేజ్‌లో ఎర్త్ బలహీనమైతే ఓమ్స్ పెరిగి ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, అది మరీ ప్రమాదం. తర్వాత యూనిట్ వైరు పీకి, తాళం ఆన్ చేసి, ఆ వైరును ఒక్క క్షణం ఎర్త్‌కి తాకించండి. వైరు పీకినప్పుడు ఒక చివరికి, తాకించినప్పుడు రెండో చివరికి ముల్లు పోతే గేజ్, వైరింగ్ బాగున్నట్టే, తప్పు ట్యాంకు వైపు ఉంది. ఇదే పరీక్షలో మీ గేజ్ ఏ రకమో కూడా సగం తేలిపోతుంది. తాకించగానే ఎంప్టీకి పడితే నాలాంటిది, ఫుల్‌కి లేస్తే పాత ఫోర్డ్ లాంటిది. పెట్రోలు బండి అయితే మాత్రం నిప్పురవ్వ ట్యాంకు దగ్గర రానివ్వకండి, మూత విప్పేముందు బ్యాటరీ తీసేయండి.

చివరికి నేను పాత యూనిట్‌కే కొత్త ఫ్లోట్ వేసి, కాడ కదిలినప్పుడు రాసుకునే రెసిస్టెన్స్ తీగ శుభ్రం చేసి, డీజిల్‌కి ఉబ్బని గాస్కెట్‌తో బిగించాను, ఇప్పటికీ అదే నడుస్తోంది. మీ పాత యూనిట్ ఇంకా దగ్గరుంటే దయచేసి పారేయకండి. కాడ కింద ఎన్ని ఓమ్స్, పైన ఎన్ని, ట్యాంకు లోతెంత, ఫ్లాంజ్‌కి రంధ్రాలెన్ని, ఈ నాలుగూ కింద రాయండి, ఏది సరిపోతుందో చూసి చెబుతాను.